ప్రొసెర్పినా ఎడమచేయి

బొలోన్యా, 6 మార్చి 1661

ఒరే తద్దేయో,

బతికే ఉన్నావా? నీ జనవరి ఉత్తరం చేరింది. అక్షరాలు చూస్తే కోడి కాళ్ళకి సిరా పూసి కాగితం మీద తోలినట్టున్నాయి. కడుపునొప్పి తగ్గలేదని రాశావు. సీసపు తెల్లరంగు, ఆ సఫేదా, నూరిన చేత్తోనే రొట్టె తుంచుకుని తింటే ఎలా తగ్గుతుంది? నాన్న అలాగే పోయాడు. సీసం విషం నాన్న వదిలిపెట్టిన ఆస్తి కాదు నాయనా, చెయ్యి కడుక్కుంటే పోతుంది. మేకపాలు తాగు.

ఇక అసలు సంగతి. కౌంట్ బెల్లందీ గారు ఒప్పుకున్నారు. వాళ్ళ భోజనాల హాల్లో పెద్ద గోడకి పటం నువ్వే వెయ్యాలి. పూలు కోసుకుంటున్న ప్రొసెర్పినాని పాతాళపు రాజు ప్లూటో రథం మీద ఎత్తుకుపోయే ఘట్టం. వెనకాల తల్లి, మన పంటల దేవత సెరెస్, దివిటీ పట్టుకుని పరిగెత్తుకు రావాలట. "తల్లి అప్పుడక్కడ లేదు కదండీ, తర్వాత కదా వెతుక్కుంటూ బయల్దేరింది" అన్నాను. "నా గోడ మీద ఉండాలి" అన్నాడాయన. గొప్పోళ్ళ పురాణాలు వేరు. రంగు ఆరాక రంగువైపు బయటికి ఉండేలా చుట్టి పంపు. లోపలికి చుట్టావో, పగిలి చస్తుంది. చట్రానికి బిగించడం, పైపూత వెయ్యడం నా పని. ఇంకో మాట. ఆయనకి కావలసింది నీ చెయ్యి. వేరే ఎవరి చెయ్యి పడినా పటం వెనక్కి పంపేస్తానని నా ముఖం మీదే చెప్పాడు.

మా జినేవ్రా ఎలా ఉంది? రంగులు నూరిపెడుతుందని నీ దగ్గరికి పంపి ఏడాదిన్నర అయింది. దానికి రాయడం రాదు, నువ్వేమో దాని గురించి ఒక్క ముక్క రాయవు. కన్నతల్లిని, నేనేమనుకోవాలి? ఆ పుర్రచేతివాటం తగ్గిందా? చిన్నప్పుడు ఎర్రనాడాతో ఆ ఎడమచెయ్యి కుర్చీకి కట్టేసేదాన్ని. ఏడిచేది గానీ, కుడిచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చింది. నువ్వు గారం చేసి చెడగొట్టకు. మా వీధి చివరి మఠంలో దానికి చోటు ఖాయమైంది. అక్టోబరులో సెయింట్ పెత్రోనియో పండగకి తీసుకుంటారు. ఒకసారి లోపలికి వెళ్తే ఇక బయటి గొడవలే ఉండవు, హాయిగా బతుకుతుంది. పండగకి ముందే పంపెయ్యి.

నీ అక్క,
ఓర్సొలా


నేపుల్స్, 2 ఏప్రిల్ 1661

ప్రియమైన అక్కకి,

తద్దేయో రాయించేది. చెయ్యి వణుకుతోంది. ఉన్న కాస్త సత్తువా కుంచెకి దాచుకుంటున్నాను. అందుకని కూడలిలో బల్ల వేసుకుని కూర్చునే లేఖకుడొకడి చేత రాయిస్తున్నాను. అక్షరాలు కొత్తగా ఉంటే కంగారు పడకు.

కడుపునొప్పి పూర్తిగా పోయింది. ఇక దాని గురించి బెంగ అక్కర్లేదు.

కౌంట్ గారి పటం మొదలయింది. నల్లగుర్రాలు రెండు ముందుకొచ్చాయి. ప్లూటో భుజమే కుదరడం లేదు, మూడుసార్లు గీకేశాం.

జినేవ్రా బాగుంది. అక్కా, అది గీసిన బొమ్మలు నువ్వెప్పుడైనా నిలబడి చూశావా? చూసుంటే మఠం సంగతి మళ్ళీ ఆలోచించేదానివి. నాడా దానికి బాగా గుర్తుంది. కుర్చీకి కుడిపక్కన పిల్లి పడుకునేదట. దాన్ని నిమరడానికి ఒక్క కుడిచెయ్యే ఉండేదట.

తద్దేయో


బొలోన్యా, 20 ఏప్రిల్ 1661

అసలు నువ్వు తద్దేయోవేనా?

ఉత్తరం విప్పగానే ఉలిక్కిపడ్డాను. "ప్రియమైన అక్క"ట! నలభై ఏళ్ళలో నువ్వు నన్ను అక్కా అన్నది ఒక్కసారి, అది కూడా నూతిలో పడ్డప్పుడు. మాట పెళుసని నువ్వు పెట్టిన పేరు కుంపటి. నాన్న పోయిన రోజు కూడా "కుంపటీ, ఏడవకు" అన్నావు. ఇప్పుడీ మర్యాదలేమిటి? జబ్బు తలకెక్కిందా?

ఆ లేఖకుడికి ఎంత పోస్తున్నావో గానీ శుద్ధ మొద్దు. పంక్తి పంక్తికీ సిరా అలికేశాడు. సగం మాటలు వెలుతురుకి పట్టుకుని చదవాల్సి వచ్చింది. వాణ్ణి మాన్పించి ఇంకొకణ్ణి చూసుకో.

పిల్ల బొమ్మలు నేను చూడలేదా? చూశాను. గోడల మీద, దుప్పట్ల మీద, ఒకసారి నా పెళ్ళినాటి పళ్ళెం మీద కూడా. అన్నీ పుర్రచేత్తోనే. అది ఆడపిల్ల తద్దేయో. బొమ్మలు వేసే ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, కాదనను, వాళ్ళకి తండ్రులున్నారు. దీనికి తండ్రి లేడు. ఉన్నది నేనూ, నువ్వూ. మనం పోతే? అందుకే మఠం. నాకు మాత్రం ముచ్చటా?

మేకపాలు తాగుతున్నావా లేదా?

ఓర్సొలా


నేపుల్స్, 12 మే 1661

కుంపటీ!

చాలా? ఇక ప్రతి ఉత్తరంలోనూ అదే. నువ్వే అడిగి తిట్టించుకున్నావు.

లేఖకుణ్ణి మార్చను. వాడు అలికినా తప్పులు రాయడు.

పటం సగం దాటింది. ప్లూటో చేతులు ప్రొసెర్పినా నడుముని పట్టుకున్న చోట వేళ్ళు మాంసంలోకి దిగినట్టు రావాలి. మూడు వారాలు పట్టింది. ఈ పటంలో పశ్చాత్తాపాలు ఎక్కువైపోతున్నాయి. ఒకటి వెయ్యడం, చూసి నచ్చకపోవడం, పైన రంగు కప్పి ఇంకోటి వెయ్యడం. నాన్న ఉంటే రంగు మీద కంటే రంగు కిందే బొమ్మలెక్కువ అనేవాడు కాబోలు.

సెరెస్ ఇంకా కుదరలేదు. తల్లి ముఖం ఎలా ఉండాలో తేల్చుకోలేకపోతున్నాను.

"మనం పోతే?" అని రాశావు. దాని మీద చాలా ఆలోచించాను. మనం పోయినా ఆ పిల్ల చెయ్యి ఎక్కడికీ పోదు. పండగకి పంపలేను. పటం అయ్యేదాకా అడగకు.

తద్దేయో


బొలోన్యా, 9 జూన్ 1661

ఒరే పాపిష్ఠివాడా,

నిన్న పట్టు వ్యాపారి గస్పారె నేపుల్స్ నుంచి తిరిగొచ్చాడు. నీ ఇంటికి వెళ్ళాడట, మిట్టమధ్యాహ్నం. తలుపు తీసింది నా కూతురు. ఒంటి మీద నల్లబట్టలట, మెడ దగ్గర్నుంచి పాదాల దాకా, వదులుగా. కళ్ళు వాచి ఉన్నాయట. "మామయ్య నిద్రపోతున్నాడు, లేపకూడదు" అని గుమ్మంలోంచే పంపించేసిందట. కాసిని మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఎవరు చచ్చారని ఆ నలుపు? ఆ ఇంట్లో ఉండేది మీరిద్దరే, ఇద్దరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. మరి పద్దెనిమిదేళ్ళ పిల్లకి వదులుబట్టలెందుకు? ఏం దాచడానికి? పశ్చాత్తాపాలు ఎక్కువైపోతున్నాయని రాశావు కదూ. బొమ్మలు వేసేవాళ్ళ మాట అనుకుని చదివి వదిలేశాను, ఎంత పిచ్చిదాన్ని! ఏం జరగనిచ్చి పశ్చాత్తాపపడుతున్నావురా? ఎవడు వాడు? పటాల కోసం నీ ఇంటికొచ్చే దొరల్లో ఒకడా? గుమ్మంలో కాపలా కాయాల్సినవాడివి, పట్టపగలు పడుకుని నిద్రపోతున్నావా?

నువ్వు ప్లూటోని వెయ్యడం దేనికి, అద్దంలో చూసుకో. పసిపిల్లని నీ చేతుల్లో పెట్టాను. దానికి ఏమైనా అయిందంటే, విను, నువ్వు చచ్చిపోయావని కబురొచ్చినా ఒక్క కన్నీటిచుక్క రాల్చను. పదిహేను రోజుల్లో దాన్ని పంపకపోతే కౌంట్ గారి దగ్గరికి వెళ్ళి ఈ పటమే మాన్పిస్తాను.

ఓర్సొలా


నేపుల్స్, 30 జూన్ 1661

కుంపటీ,

పిల్ల కడుపులో పొద్దున తిన్న రొట్టె తప్ప ఇంకేమీ లేదు. నా మాట నమ్ము. ఇక్కడ స్పెయిన్ వాళ్ళ రాజ్యం. దొరసానుల దగ్గర్నుంచి చేపలమ్మేవాళ్ళ దాకా నలుపే కడతారు. గస్పారెకి మంచినీళ్ళు ఇవ్వకపోవడం తప్పే.

పటం నిన్న ఓడ ఎక్కింది. లివోర్నోలో దించి బండి మీద తెస్తారు. రంగువైపు బయటికే చుట్టాం. పటం చూడు. చూశాక కూడా పిల్లని పంపమంటే మారుమాట లేకుండా పంపిస్తాను.

ఏడవనని రాశావు. ఆ పంక్తి చాలాసార్లు చదివాను.

తద్దేయో


బొలోన్యా, 18 ఆగస్టు 1661

తద్దేయో,

పటం వచ్చింది. నాన్న గదిలో చట్రానికి బిగించాను. ముందు ఉన్నమాట చెప్పాలి. కోపంగానే విప్పాను గానీ, విప్పాక నోరు తెరుచుకుని నిలబడిపోయాను. గుర్రాల నోటి నురగ నా మీద పడుతుందేమోనని వెనక్కి జరిగాను. ఒళ్ళోంచి పూలు జారిపోతుంటే ప్రొసెర్పినా ఎడమచెయ్యి చాచి అరుస్తోంది. ఆ చెయ్యి పటం దాటి బయటికొచ్చేసినట్టుంది. వేళ్ళు నాకు తగులుతాయనిపించింది.

తర్వాత మూలన సెరెస్‌ని చూశాను. దివిటీ పట్టుకుని, జుట్టు ఊడిపోయి, నోరు తెరిచి పరిగెడుతోంది. పై వరసలో ఒక పన్ను లేదు. అది నేను! ఆ పన్ను నాకు మూడేళ్ళ కిందట శీతాకాలంలో ఊడింది. నువ్వు నన్ను చూసి పన్నెండేళ్ళు. పిల్ల చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. పంటల దేవతని బోసినోటితో వేశావు, కౌంట్ గారు ఏమంటారో అని నవ్వుకున్నాను కూడా.

పూతకి ముందు నాన్న చేసినట్టే చేశాను. ఒక్క కిటికీ మాత్రం తెరిచి, పటాన్ని దానికి వారగా తిప్పి, పక్కవెలుతురులో దుమ్ము ఉందేమో చూశాను. ఆ వెలుతురులో కుంచె చారలు లేచి నిలబడతాయి, నీకు తెలియందేముంది. మన ఇంట్లో అందరి చారలూ పై కుడి నుంచి కింద ఎడమకి దిగుతాయి. ఇవి తిరగబడి ఉన్నాయి, పుర్రచెయ్యి వేసినట్టు. గుర్రాలు, మేఘాలు, ప్లూటో వీపు, నా ముఖం, అన్నీ. అంగుళం అంగుళం వెతికాను. నీ చెయ్యి ఎక్కడా లేదు.

పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. కూలబడ్డాక చూశాను, అది ఆ నాడా కుర్చీయే.

పిల్ల చేత పనంతా చేయించి నీ పేరు పెట్టుకున్నావని ఒళ్ళు మండింది. మాటకి మాట అప్పజెబుదామని నీ ఉత్తరాలన్నీ ముందు పరుచుకున్నాను. జనవరిది నీ రాత, వంకర్లు పోయినా ఎక్కడా అలకలేదు. ఏప్రిల్ నుంచి వచ్చిన మూడూ పంక్తి పంక్తికీ అలికి ఉన్నాయి. కుడిచేత్తో రాసేవాడి చెయ్యి తడి అక్షరాల మీదికి రాదు. పుర్రచెయ్యి వస్తుంది. రాసింది రాసినట్టే తుడుచుకుంటూ పోతుంది.

ఇదెవరికి రాస్తున్నాను నేను? "నిద్రపోతున్నాడు, లేపకూడదు" అందట. ఆ నల్లబట్టలు...

నా తమ్ముడు ఎక్కడ?


నేపుల్స్, 31 ఆగస్టు 1661

అమ్మా,

మామయ్య పోయాడు. మార్చి పందొమ్మిదిన, సెయింట్ జోసెఫ్ పండగ రోజు పొద్దున. వీధిలో పిండివంటలు వేయిస్తుంటే వాసన వచ్చి ఒకటి కావాలన్నాడు. తెచ్చాను. ఒక్క ముక్క కొరికి, బాగుంది అని పక్కన పెట్టాడు. తర్వాత మళ్ళీ అడగలేదు. కింది ఇంటి కాండిదమ్మ వచ్చి కళ్ళు మూసింది. అప్పట్నుంచి రోజూ నాకు తోడుగా ఆవిడే వచ్చి పడుకుంటోంది.

చనిపోయేముందు ఏడాదిగా ఆయన కుడి మణికట్టు పైకి లేవలేదు. నీకు చెప్పొద్దన్నాడు, నీ ఉత్తరాలు మాత్రం బల్లకి ఆనించిన చేత్తో తనే గీకేవాడు. ఆ ఏడాది పటాలన్నీ ఆయన చెబితే నేను వేసినవే. "నాకిప్పుడు కుడిచెయ్యి లేదు, నీకున్న ఎడమచెయ్యి చాలు మనిద్దరికీ" అనేవాడు. రాయడం కూడా ఆయనే నేర్పాడు. నీ మార్చి ఉత్తరం ముందురోజు వచ్చింది. చదివి వినిపించాను. మేకపాలు అన్నచోట నవ్వాడు. కౌంట్ గారి పటం నువ్వే వెయ్యి అన్నాడు. "మీ అమ్మకి చెప్పకు, చూపించు" అన్నాడు. ఆయన ఆఖరి మాటల్లో అదొకటి.

అందుకని చెప్పలేదు. చెబితే నువ్వు ఆ రోజే మనిషిని పంపి నన్ను తీసుకెళ్ళిపోతావని కూడా చెప్పలేదు. ఇక్కడ అందరికీ తెలుసు. తెలియనిది నీకూ కౌంట్ గారికీ. నీకు కుంపటి అని పేరుందని నాకు తెలియదమ్మా. ఆ ఒక్క మాటతో దొరికిపోయాననుకుని మూడు రోజులు నిద్రపోలేదు. నువ్వు మామయ్యని తిడుతూ రాసిన ప్రతి మాటా నేనే చదివాను. ఆయన కోసం ఎవరికీ ఏడుపు రాదేమోనని భయమేసింది. నేను ఒక్కదాన్నే చాలనని.

ఇంకొకటి చెప్పాలి. సెరెస్ చేతిలో మొదట దివిటీ లేదు. ఎర్రనాడా ఉంది. ఒక కొస నీ చేతిలో, రెండో కొస ప్రొసెర్పినా ఎడమ మణికట్టుకి. పాతాళానికి పోతున్నా ఆ నాడా వదలలేదన్నట్టు వేశాను. కోపంతోనే వేశాను. తర్వాత నీ జూన్ ఉత్తరం వచ్చింది. అన్ని తిట్లు తిట్టావంటే నాకేదో అయిందని ఎంత హడలిపోయావో తెలిసింది. ఆ రోజే నాడా కప్పేసి నీ చేతికి దివిటీ ఇచ్చాను. ఓడ వేళకి ఆరాలని పల్చగా వేశాను. నాడాకి వేసిన ఇంగిలీకం ఎరుపు పొగరుమోతు రంగు, మణికట్టు దగ్గర ఈపాటికి పైకి వస్తూ ఉంటుంది. సఫేదా ఒక్క పూత వేస్తే చాలు.

కౌంట్ గారికి నువ్వు చెప్పాలనుకుంటే చెప్పెయ్యి. ఇచ్చిన మాట ప్రకారం పండగకి వస్తాను. నీ ఉత్తరం వచ్చేదాకా మూట కట్టి ఉంచుతాను.

జినేవ్రా


బొలోన్యా, 14 సెప్టెంబరు 1661

(పైన చిరునామా చూసి కంగారు పడకు. బండివాళ్ళ కోసం "చిత్రకారుడు తద్దేయో గారికి" అనే రాశాను. లోపల ఉత్తరం నీకే.)

తల్లీ జినేవ్రా,

ముందు నిన్ను తిట్టాలి. ఐదు నెలలు నా తమ్ముడి గొంతు పెట్టుకుని నాతో మాట్లాడావు. వాడు మట్టిలో ఉంటే నేను మేకపాలు తాగమని రాశాను. చచ్చినా ఏడవనని చచ్చినవాడికి రాశాను! దగ్గరుంటే నీ చెంప పగలగొట్టి ఉండేదాన్ని, ఆ తర్వాత ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

ఏడవనన్న మాట నిలబెట్టుకోలేదు. నాలుగు రోజులు నాన్న గది తలుపు తియ్యలేదు. అయిదో రోజు గుడికి వెళ్ళి వాడి పేరున ప్రార్థన చేయించాను. ఎవరి పేరంటే "కుంపటి తమ్ముడు" అన్నాను. పాదరీ వింతగా చూశాడు గానీ చదివేశాడు. నువ్వు ఒక్కదానివి చాలవేమోనని భయపడ్డావు కదా. ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.

నువ్వు చెప్పినట్టే మణికట్టు మీద ఎరుపు పైకొచ్చింది. సన్నటి గీత. సఫేదా నూరుకుని కుంచె కూడా ముంచాను. ఒక్క పూత, ఎంతసేపు? చెయ్యి రాలేదు. కడిగి పక్కన పెట్టేశాను. గుడ్డుసొన పూత వేసి, ఆ గీతని గీతలాగే వదిలేశాను.

కౌంట్ గారు శనివారం వచ్చారు. పటం ముందు అటూ ఇటూ నడిచి చూశారు. చివరికి "ఈ తద్దేయో ఇంతకాలం ఈ చెయ్యి ఎక్కడ దాచాడమ్మా?" అన్నారు.

"ఇంట్లోనే ఉందండీ. మేమే చూసుకోలేదు" అన్నాను.

తర్వాత దగ్గరికొచ్చి వంగి చూశారు. "మణికట్టు మీద ఈ ఎర్రచార ఏమిటి?"

"పశ్చాత్తాపం అండీ."

"ఎవరిది?"

"నాది."

ఆయన నవ్వేశారు. "అయితే మీరూ కుంచె పట్టుకుంటారన్నమాట!"

నేను పట్టుకున్నది కుంచె కాదని చెప్పాలనిపించింది. పటం మోసుకెళ్ళేముందు వెనకవైపు గుడ్డ మీద నీ పేరు రాశాను. రేపు నేనే వెళ్ళి ఆయనకి అంతా చెప్పేస్తాను. దించెయ్యమంటే దించి, ఇంటికి తెచ్చి, నాన్న గదిలో పెట్టుకుంటాను. గోడ చాలకపోతే గోడ పగలగొట్టిస్తాను.

మఠంలో నీ చోటు ఇంకొకరికి ఇచ్చుకోమని చెప్పేశాను. మూట విప్పెయ్యి. రావాలనిపించినప్పుడు రా, వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళు. ప్రొసెర్పినా కూడా ఏటా వచ్చి వెళ్తుందిగా. అన్నం తినేముందు చేతులు కడుక్కో. రెండు చేతులూ.

ఈ నాలుగు ముక్కలూ ఎడమచేత్తో రాస్తున్నాను. ఎంత కష్టమే తల్లీ. అంతా అలుక్కుపోతోంది. ఏమీ అనుకోకు, వెలుతురుకి పట్టుకుని చదువుకో.

మీ అమ్మ,
కుంపటి